ఏడాదిగా డ్రాయింగ్ తరగతికి వెళ్తున్న అమ్మాయి బొమ్మల్లో మునుపటి అందం కనిపించడం లేదు: ఎదుగుదలను ఎలా గుర్తించాలి?

ప్రశ్న: కాకినాడ నాన్న

మా అమ్మాయి తొమ్మిదో తరగతి చదువుతోంది. బొమ్మలు వేయడమంటే చిన్నప్పటి నుంచీ ఇష్టం. ఆరు, ఏడు తరగతుల్లో ఉన్నప్పుడే ఫోనులో ఫొటో పెట్టుకుని, కాగితం మీద గళ్లు గీసుకుని, సినిమా నటుల ముఖాలూ వినాయకుడూ నెమళ్లూ అచ్చుగుద్దినట్టు దించేది. ఇంటికి ఎవరు వచ్చినా ఆ పుస్తకం చేతులు మారేది, బడిలో బహుమతులు కూడా వచ్చాయి. చేతిలో ఉన్న ఆ విద్యకు సరైన శిక్షణ తోడైతే బాగుంటుందని, మా ఊళ్లోనే ఒక చిత్రకారుడు శని, ఆదివారాల్లో నడిపే తరగతిలో గత వేసవిలో చేర్పించాం.

ఆయన చేసిన మొదటి పని ఫోను పక్కన పెట్టించడం. మొదట్లో వట్టి గీతలు, పెట్టెలు వేయించారు. తరువాత ఇత్తడి చెంబు, స్టీలు గ్లాసు, పీట, విడిచిన చెప్పులు, తన ఎడమ చెయ్యి, ఇలా ఎదురుగా ఉన్న వస్తువులనే చూసి గీయిస్తున్నారు. ఇప్పటికీ రంగులు ముట్టుకోనివ్వలేదు. పెన్సిలు తరువాత ఈ మధ్యనే బొగ్గు కడ్డీలు చేతికిచ్చారు. ఇంటికి తెచ్చే కాగితాలు చూస్తే నాకు మనసు కుదటపడటం లేదు. చెంబు మెడ ఒక పక్కకు ఒరిగి ఉంటుంది, బొమ్మ మీదుగా అడ్డంగా నిలువుగా గీతలు పోతుంటాయి, సగం బొమ్మలు పూర్తే కావు. వెనకటికి నాలుగు సాయంత్రాలు కూర్చుని ఒక ముఖం పూర్తి చేసే పిల్ల ఇప్పుడు ఒక్క గంటలో అయిదారు అసంపూర్తి బొమ్మలు పడేస్తోంది. "ఉన్న విద్య పోగొట్టడానికి ఫీజు కడుతున్నావా?" అని మా అమ్మ అడుగుతోంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

మాస్టారిని అడిగితే "చూపు వస్తోందండీ, కంగారు పడకండి" అన్నారు తప్ప వివరించలేదు. ఆయన మీద ఫిర్యాదేమీ లేదు; పిల్ల ఇష్టంగానే వెళ్తోంది. బొమ్మలు గీయడం రాని నాలాంటివాడు ఆ కాగితాల్లో ఏం చూసి ఎదుగుదల ఉందో లేదో తెలుసుకోవాలి? వచ్చే ఏడాది పదో తరగతి కాబట్టి, కొనసాగించాలా, ఆపాలా అన్నది కూడా దీని మీదే ఆధారపడి ఉంది.

సమాధానం: చాక్‌పీసు మాస్టారు

అయ్యా, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. మీలాంటి ప్రశ్న తల్లిదండ్రుల నుంచి నాకు తరచుగా వచ్చేది కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

ముందుగా, మీరు పోల్చి చూస్తున్నవి రెండు వేర్వేరు పనులు. ఫొటోలో ఉన్న ముఖం అప్పటికే బల్లపరుపుగా మారిపోయి ఉంటుంది. ముక్కు ఎంత ముందుకు వచ్చింది, చెవి ఎంత వెనక్కి పోయింది అన్న లెక్క కెమెరా తేల్చేసి ఉంటుంది. గళ్లు గీసుకున్నాక మిగిలేది, ఈ గడిలో గీత ఏ మూల నుంచి ఏ మూలకు పోయింది అన్నంత వరకే. అది ఓపికా చేతి నిలకడా కావలసిన పని, దాన్ని నేను తక్కువ చేయను. అయితే ఎదురుగా చెంబు పెట్టినప్పుడు ఆ లెక్కంతా పిల్లే తేల్చుకోవాలి. తల కాస్త కదిలితే చెంబు మూతి ఆకారం మారుతుంది, మబ్బు పడితే నీడ మారుతుంది. అంత కష్టమైన పనిలో మొదటి ఏడాది బొమ్మ అందంగా రాకపోవడంలో వింత లేదు.

ఇక కాగితాల్లో ఏం చూడాలన్న దానికి వస్తే, చెంబు ఒక్కటే తీసుకుందాం. కొత్తగా గీసే పిల్లలు చెంబు మూతిని నిండు వృత్తంగా వేస్తారు, ఎందుకంటే అది గుండ్రంగా ఉంటుందని వాళ్లకు తెలుసు. అడుగును మాత్రం స్కేలుతో గీసినట్టు తిన్నగా వేస్తారు, ఎందుకంటే చెంబు నేల మీద కదలకుండా నిలబడుతుందని కూడా తెలుసు. కంటికి కనిపించేది ఈ రెండూ కాదు. కొన్నాళ్లకు మూతి దీర్ఘవృత్తం అవుతుంది గాని, రెండు చివరలూ నిమ్మకాయ మొనల్లా కోసుగా వస్తాయి. ఆ తరువాత మొనలు పోయి చివరలు మెత్తగా తిరుగుతాయి, అడుగున వంపు వస్తుంది. మరికొంత గమనింపు పెరిగాక, కంటిమట్టానికి కింద ఉన్న చెంబులో మూతి వలయం కంటే అడుగు వంపు ఎక్కువ గుండ్రంగా కనిపిస్తుందన్న సంగతి కాగితం మీదికి వస్తుంది. కంటిమట్టం నుంచి ఎంత కిందికి పోతే వలయం అంతగా విచ్చుకుంటుంది. ఇది చెబితే అర్థమయ్యే విషయమే గాని చేతికి రావడానికి నెలలు పడుతుంది. మీ అమ్మాయి మొదటి నెలల చెంబునూ ఇప్పటి చెంబునూ పక్కపక్కన పెట్టి మూతీ అడుగూ మాత్రం చూడండి, మిగతాదాని జోలికి పోకండి.

రెండోది, మీకు చిరాకు తెప్పిస్తున్న ఆ అడ్డగీతలు. చెయ్యి పూర్తిగా చాపి, ఒక కన్ను మూసి, పెన్సిలు మీద బొటనవేలు జరుపుతూ, చెంబు ఎత్తులో దాని వెడల్పు ఎన్నోవంతు, మెడ ఎక్కడ మొదలవుతోంది అని కొలిచిన గుర్తులు అవి. మధ్యలో నిలువుగా పోయే గీత చెంబు నడిమిగీత, దానికి అటూ ఇటూ సమంగా ఉందో లేదో సరిచూసుకోవడానికి వేసుకుంటారు. మీరు చెప్పిన ఒరిగిన మెడ ఆ గీత వేసుకున్న బొమ్మలో ఉందా, వేసుకోని బొమ్మలో ఉందా అన్నది గమనించండి. కొలతగీతలు సన్నగా, తేలికగా ఉండి, వాటి మీద ఒక గీత గట్టిగా నిర్ణయంతో పడి ఉంటే పిల్ల సరైన దారిలోనే ఉంది. అన్ని గీతలూ ఒకే బరువుతో, వెంట్రుకల్లా గజిబిజిగా ఉంటే ఇంకా వెతుకుతోందని అర్థం.

మూడోది వెలుగునీడలు. అలవాటు లేని చెయ్యి ముందు అంచుగీత గీసి, ఆ గీత వెంబడి నల్లగా రుద్ది, వేలితో పులిమి "షేడింగ్" అంటుంది. చూసి గీసే చెయ్యికి ఒక సంగతి తెలుస్తుంది: చెంబు బొజ్జ మీద అతి చిక్కటి నీడ సాధారణంగా అంచు దగ్గర ఉండదు, అంచుకు కాస్త లోపల ఉంటుంది, నేల మీద పడిన వెలుతురు తిరిగి చెంబుకు తగిలి ఆ అంచును కొంచెం తేటపరుస్తుంది. బొగ్గుతో వేసిన కాగితాల్లో అంచు పక్కన సన్నటి తేట పట్టీ కనిపిస్తే, దాన్ని ఊహించి వేయడం కష్టం కాబట్టి, పిల్ల నిజంగా చూసి వేసిందని నమ్మవచ్చు. ఇత్తడి మీద మెరుపు కుండ మీది మెరుపులా మెల్లగా కరిగిపోకుండా అంచు కట్టినట్టు ఉంటుంది, అది కూడా వెతకండి.

పిల్లలు కనిపించేదాన్ని వదిలి తమకు తెలిసినదాన్ని గీస్తారన్న విషయాన్ని ఫ్రాన్సులో జార్జ్ అన్రీ లూకే అనే పండితుడు వంద ఏళ్ల కిందటే వివరంగా రాశాడు. అందుకు ఆయన ఆధారం చేసుకున్నవి సొంత కూతురి బొమ్మలు. వాటిని భద్రపరచి, పరిశీలించి, 1913లో ఆ పరిశీలన ప్రచురించాడు. మీరు అంత చేయనక్కరలేదు గాని, ప్రతి కాగితం వెనకా తేదీ వేయించండి. చాలా ఇళ్లలో బాగా వచ్చిన బొమ్మలు మాత్రమే దాచి మిగతావి పారేస్తారు, అందువల్ల తరువాత పోల్చి చూడటానికి ఏమీ మిగలదు.

వీటన్నిటి కంటే తేలికైన పరీక్ష ఇంకొకటి ఉంది. తన పాత బొమ్మ చేతికిచ్చి, ఇందులో ఏది సరిగా లేదో చెప్పమనండి. "బాగా రాలేదు" అని ఊరుకుంటే ఒక తీరు; "మెడ పొడవైంది, ఎడమ బొజ్జ కిందికి జారింది" అని చోటు చూపించి చెబితే వేరే తీరు. లోపం ఎక్కడుందో చెప్పగలిగిన పిల్ల చెయ్యి ఇవాళ కాకపోయినా రేపు ఆ లోపం దిద్దుకుంటుంది. ఈ మధ్యకాలంలో బొమ్మలు తనకే నచ్చకపోవచ్చు కూడా, ఎందుకంటే కన్ను ముందు పదునెక్కుతుంది, చెయ్యి వెనక నుంచి వస్తుంది. ఆ నెలల్లో ఇంట్లో వాళ్లు "పాతవే బాగుండేవి" అనకుండా ఉంటే చాలు. మీ అమ్మగారికి కూడా ఈ మాట నెమ్మదిగా చెప్పండి.

మీకు రాజమహేంద్రవరం దగ్గరే కాబట్టి ఒక ఆదివారం దామెర్ల రామారావు చిత్రశాలకు తీసుకెళ్లండి. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి జె.జె. కళాశాలకు వెళ్లి చదువుకుని, 1925లో ఇరవై ఎనిమిదో ఏటనే పోయిన మనిషి ఆయన. పెద్ద వర్ణచిత్రాల దగ్గర ఎవరైనా ఆగుతారు. మీ అమ్మాయిని ఆయన పెన్సిలు అభ్యాసాల దగ్గర కాసేపు నిలబడమనండి.

సమాధానం: శ్రీకాళహస్తి కలం

మాస్టారు గారు చెంబు గురించి చెప్పినదంతా నిజమే, అయితే నకలు చేయడాన్ని కింది మెట్టుగా చూడటం నాకు అంగీకారం కాదు. మా కలంకారీలో గురువు గీతను నకలు చేయడమే చదువు. కరక్కాయా పాలూ కలిపి తడిపి ఆరబెట్టిన గుడ్డ మీద, కాల్చిన చింతపుల్లతో ముందు తేలికగా రూపం వేసుకుని, తరువాత వెదురు కలాన్ని కసిమిలో, అంటే ఇనుమూ బెల్లమూ నీళ్లలో ఊరబెట్టి చేసే నల్లరంగులో, ముంచి అంచు కడతాం. కసిమి గుడ్డలో ఇంకిందంటే దిద్దడానికి వీల్లేదు. కొత్తవాళ్లు నెలల తరబడి వట్టి గీతలు, కళ్లు, వేళ్లు, పూలతీగలే వేస్తారు. దేవతామూర్తి ముఖం ఎంత, మొండెం దానికి ఎన్ని రెట్లు అన్న తాళప్రమాణం లెక్క కట్టుకుని గీస్తామే గాని, ఎదురుగా ఒక మనిషిని నిలబెట్టి కొలవం.

ఆ దారిలో ఎదుగుదలకు గుర్తు వేరు. గీత మధ్యలో ఆగకుండా, వణకకుండా, ఒకే ఊపిరిలో భుజం నుంచి దిగిందా, వంపు తిరిగేచోట సన్నబడి మళ్లీ నిండుకుందా అన్నది చూస్తాం. తెలుగువాళ్లకు గీత అనగానే బాపు గుర్తుకొస్తారు. ఆ నాలుగు గీతల్లో కొలతగీతలు కనిపించవు, ఎక్కడ వదిలేయాలో తెలిసిన ధైర్యం కనిపిస్తుంది. మీ అమ్మాయి గళ్లు గీసి నకలు చేసిన కాలంలో సంపాదించిన ఓపికా, పూర్తి చేసే అలవాటూ ఊరికే వచ్చినవి కావు, అవి పోకుండా చూసుకోవాలి.

అందుకని నా అభ్యంతరం తరగతి మీద కాదు, ఏడాది పొడుగునా ఇన్ని బొమ్మలు పూర్తి కాకపోవడం మీద. అసంపూర్తి అభ్యాసాలు అవసరమే గాని, నెలకొకటైనా తనకు ఇష్టమైన విషయం తీసుకుని, కాగితం నాలుగు మూలలూ ఆలోచించి, చివరిదాకా తీసుకెళ్లే బొమ్మ ఉండాలి. చూసి నేర్చుకున్నదంతా ఒకచోట కలిపి వాడే సందర్భం లేకపోతే అభ్యాసం అభ్యాసంగానే మిగిలిపోతుంది. ఈ సంగతి ఆ చిత్రకారుడితో మర్యాదగా అనవచ్చు.

మీరు రాయని విషయం ఒకటి అడుగుతాను. తరగతి లేని రోజుల్లో, ఎవరూ చెప్పకుండా, అమ్మాయి ఇంట్లో గీస్తోందా? వెనకటి లాగా నోటుపుస్తకాల అంచుల్లో, పాత క్యాలెండరు వెనకా బొమ్మలు కనిపిస్తున్నాయా? అవి ఆగిపోయి ఉంటే, చెంబు ఎంత బాగా కుదిరినా నేను సంతోషించను.

సమాధానం: గుంటూరు అమ్మ

ఒక్క జాగ్రత్త చెబుతాను. మా అబ్బాయి మొదట వెళ్లిన తరగతిలో మాస్టారు పిల్లల కాగితాల మీదే దిద్దేవారు. ఇంటికొచ్చిన బొమ్మల్లో బాగున్న కన్నూ, బాగున్న నీడా ఆయన చేతివని మాకు ఆలస్యంగా తెలిసింది. వాడు మాత్రం ఉన్నచోటే ఉన్నాడు. ఇప్పుడు వెళ్తున్న చోట మాస్టారు పక్కన ఖాళీలో చిన్నగా గీసి చూపిస్తారు, దిద్దుకోవడం వాడి పని. బొమ్మలు చూడటానికి అంత బాగుండవు గాని అన్నీ వాడివే. మీ అమ్మాయి కాగితాలు వంకరగా ఉన్నాయంటే, కనీసం వాటిలో వేరే చెయ్యి పడలేదని తెలుస్తోంది.

సమాధానం: సెకనుకు ఇరవైనాలుగు

హైదరాబాదులో యానిమేషన్ స్టూడియోలో పనిచేస్తాను. కొత్తవాళ్లు ఉద్యోగానికి తెచ్చే బొమ్మల కట్టలు చూడటం నా పనిలో ఒక భాగం. ఫొటో చూసి వెంట్రుక వెంట్రుకా దించిన ముఖాలను మేము గబగబా తిప్పేస్తాం, ఎందుకంటే ఆ ముఖాన్నే పక్కకు తిప్పి గీయమంటే చాలామంది ఆగిపోతారు. స్కెచ్ పుస్తకం దగ్గర మాత్రం నిలబడతాం. బస్టాండులో సంచీ మోస్తున్న మనిషి భుజం ఎటు ఒరిగింది, బరువు ఏ కాలి మీద ఉంది అన్నది అరనిమిషంలో నాలుగు గీతల్లో పట్టుకున్న బొమ్మ, ముఖంలో కళ్లూ ముక్కూ లేకపోయినా, మాకు ఎక్కువ చెబుతుంది. గంటలో అయిదారు అసంపూర్తి బొమ్మలు అని మీరు బాధపడ్డారు గాని, కదిలే వస్తువును గీయడానికి అలవాటు పడేది అలాగే.

ఎదుగుదల చూసుకోవడానికి నేను సూచించేది జ్ఞాపకం మీద గీయడం. వస్తువును కొన్ని నిమిషాలు కన్నార్పకుండా చూసి, వెనక్కి తిరిగి కూర్చుని గీసి, అయ్యాక అసలు వస్తువు పక్కన పెట్టి పోల్చుకోవాలి. పందొమ్మిదో శతాబ్దంలో పారిస్‌లో లెకాక్ ద బ్వాబోద్రాన్ అనే గురువు ఈ పద్ధతినే ప్రధానంగా నేర్పేవాడు. శిల్పి రోదాఁ ఆయన శిష్యుడే. చూస్తూ గీసినప్పుడు సరిపోయినట్టు కనిపించిన చాలా విషయాలు జ్ఞాపకం మీద గీస్తే మాయమవుతాయి, నిలిచినవే మన సొంతమైనవి. హైదరాబాదు మాసాబ్ ట్యాంకులో ఉన్న జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం ప్రవేశ పరీక్షలోనూ జ్ఞాపకం మీద గీయడం ఉంటుంది కాబట్టి, ముందు ముందు అటు వెళ్లాలనుకుంటే ఈ అలవాటు పనికొస్తుంది.

పదో తరగతి కోసం పూర్తిగా మాన్పించవద్దని నా అభిప్రాయం. వారానికి రెండు రోజుల తరగతి కుదరకపోతే ఒక రోజు చేయండి, మిగతా రోజుల్లో పావుగంట చాలు. ఏడాది మానేస్తే కన్ను మరిచిపోదు గాని, చెయ్యి బిగుసుకుంటుంది, మళ్లీ మొదలుపెట్టినప్పుడు పిల్లలకు ఆ బిగువు చూసి నిరుత్సాహం కలుగుతుంది.

కాకినాడ నాన్న

అందరికీ ధన్యవాదాలు. అమ్మాయిని అడిగి కాగితాలన్నీ హాల్లో నేల మీద పరిచాం. తేదీలు లేకపోయినా ఏది ముందో ఏది తరువాతో తనే చకచకా వరుస పెట్టేసింది. మాస్టారు గారు చెప్పిన నిమ్మకాయ మొనలు మొదటి వరుసలో ఉన్నాయి, చివరి వరుసలో లేవు. అడుగు వంపు మాత్రం కొన్నింటిలో ఉంది, కొన్నింటిలో లేదు. బొగ్గు బొమ్మల్లో అంచు పక్కన తేట పట్టీ ఒక్క పీటకాలి బొమ్మలో దొరికింది. అది చూపిస్తే "అక్కడ గచ్చు మీద ఎండ పడుతోంది నాన్నా, అందుకే" అంది.

తరువాత పాత పుస్తకం తీసి, మా అందరికీ బాగా నచ్చిన నటుడి ముఖం చూపించి ఏమైనా తప్పులున్నాయా అని అడిగాను. కాసేపు చూసి, "చెవి అతికించినట్టుంది, దీనికి వెనక తల లేదు" అంది. ఇన్నేళ్లుగా ఆ బొమ్మ చూస్తున్నా మాలో ఎవరికీ తట్టని సంగతి అది. మా అమ్మ మాత్రం ఆ బొమ్మకు వంక పెట్టడం ఒప్పుకోలేదు.

కలంకారీ కళాకారులు అడిగినదానికి జవాబు: గీస్తోంది. లెక్కల నోటుపుస్తకం వెనక పేజీల్లో, పేపరు చదువుతూ కునుకు తీస్తున్న మా అమ్మ బొమ్మలు చాలానే దొరికాయి. నెలకొక బొమ్మ పూర్తి చేయించే విషయం మాస్టారితో అంటే, అమ్మాయినే విషయం ఎంచుకోమన్నారు. జగన్నాథపురం ఉప్పుటేరులో ఆగి ఉండే చేపల పడవలు వేస్తానని పట్టుబట్టింది. ఒకసారి వెళ్లి ప్రయత్నిస్తే పడవ బొమ్మ తొట్టిలా వచ్చిందని విసుక్కుంది. ఫొటో తీసుకొచ్చి, పాత పద్ధతిలో గళ్లు గీసుకుని వేయవచ్చా, అలా చేస్తే ఏడాది నేర్చుకున్నది పాడవుతుందా అని అడగమంది.

చాక్‌పీసు మాస్టారు

గళ్లు వాడినంత మాత్రాన నేర్చుకున్నది ఎక్కడికీ పోదమ్మా. గళ్లు ఫొటో మీద కాకుండా పడవ మీద వేసుకో, అంతే తేడా. మందపాటి అట్టలో ఒక చేతి వెడల్పున చదరపు కిటికీ కోసి, దానికి దారాలు అడ్డంగా నిలువుగా సమదూరంలో కట్టు. అట్టను నీ కంటికీ పడవకూ మధ్య నిలబెట్టి, ఒక కన్ను మూసి, దారాల గళ్లలోంచి పడవను చూస్తూ, కాగితం మీద అన్నే గళ్లు తేలికగా గీసుకుని మొదలుపెట్టు. చూసే చోటు మాత్రం మారకూడదు. గడ్డం కాస్త కదిలినా పడవ వేరే గడిలోకి పోతుంది కాబట్టి, దారాలు ఒకదాన్నొకటి దాటే చోటు ఒకటి పడవ మీద ఏ గుర్తుకు తగులుతోందో చూసుకుని ప్రతిసారీ అక్కడికే తిరిగి రావాలి.

ఇది కొత్త ఉపాయం కాదు. ఇరవై ఏడేళ్ల వయసులో, 1880లో చిత్రకళ మొదలుపెట్టిన విన్సెంట్ వాన్ గో ఇలాంటి చట్రమే చేయించుకున్నాడు. 1882లో హేగ్ నగరంలో ఉండగా, ఇసుక దిబ్బల మీద ఎగుడుదిగుడు నేలలో కూడా నిలబడేటట్టు దాని కర్రలకు కమ్మరి చేత ఇనుప మొనలు వేయించుకుని, తమ్ముడికి ఉత్తరంలో దాని బొమ్మ కూడా గీసి పంపాడు. ఆయన మొదటి ఏళ్ల బొమ్మల్లో మనుషులు కొయ్యబారినట్టు ఉంటారు. అంతకుముందు ఆయన శ్రద్ధగా నకలు చేసినవి బార్గ్ అభ్యాసపత్రాలు, అంటే నేర్చుకునేవాళ్లు చూసి గీయడానికి చార్లెస్ బార్గ్ అనే చిత్రకారుడు తయారుచేసిన నమూనా బొమ్మలు. చివరి ఏడాది 1890లో కూడా అవి మళ్లీ పంపమని తమ్ముణ్ణి అడిగాడు. కాబట్టి నకలు గురించి శ్రీకాళహస్తి వారు అన్నదానితో నాకు పేచీ లేదు.

తొట్టిలా వచ్చిందన్నావు గదా, పడవల్లో అందరికీ అదే ఇబ్బంది. పడవ పై అంచు మూతిలాగా ఒకే మట్టంలో ఉండదు. ముక్కు దగ్గర పైకి లేస్తుంది, నడుమ దిగుతుంది, వెనక మళ్లీ కొద్దిగా లేస్తుంది. అటు అంచూ ఇటు అంచూ పక్కకు కూడా వంగి ఉంటాయి. నువ్వు చెంబు మూతిలా ఒకే దీర్ఘవృత్తం వేసి ఉంటావు. మూడువంతులు పక్కకు తిరిగిన పడవకైతే 8 అంకెను పక్కకు పడుకోబెట్టి, దగ్గరున్న సున్నాను పెద్దదిగా, దూరంగా ఉన్నదాన్ని చిన్నదిగా, సాగదీసి వేసుకో. రెండు సున్నాలూ కలిసేచోటు నుంచి ముక్కు వైపు ఉన్న చిన్న సున్నా చివరను పైకి లాగి, ముక్కు మొన నుంచి నీటి మట్టం దాకా ఒక గీత దింపు. అప్పుడు దగ్గరి అంచు దూరపు అంచును ఎక్కడ దాటుతోందో కనిపిస్తుంది. అది కుదిరాకే పక్కల చెక్కలు, తాళ్లు, వలలు. వాటితో మొదలుపెట్టావంటే పడవ మళ్లీ తొట్టే అవుతుంది.

మొదట నీళ్లలో ఉన్న పడవల జోలికి పోవద్దు. పోటు ఎక్కుతుంటే, దిగుతుంటే పడవ తాడు చుట్టూ మెల్లగా తిరుగుతుంది, నీ దారాల గళ్లు అన్నీ తప్పిపోతాయి. మరమ్మతు కోసమో రంగు కోసమో గట్టు మీదికి లాగి పెట్టిన పడవ ఒకటి చూసుకో, అది ఎక్కడికీ కదలదు. బొగ్గు బొమ్మ ఇంటికి తెచ్చేటప్పుడు పైన బటర్ పేపరు వేసి, రెండు అట్టల మధ్య క్లిప్పులు పెట్టు. చుట్టి తెచ్చావంటే సగం బొమ్మ చేతికి అంటుకుంటుంది.